కారు రసికులు – మారుతున్న యంత్రం

తెలుగు పాఠం చెప్పుకునే వారికి కార్లతో పనేమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. మాకు సొంత కారు లేదు. కళాశాలకు రాకపోకలు స్కూటరు మీదనే. ఎం.ఏ. చదివిన రోజులలో ప్రబంధాలలోని రథ వర్ణనలు చదివాము గాని, ఇంజను వర్ణన ఏ కావ్యంలోనూ మాకు తారసపడలేదు. అయినప్పటికీ ఈ సంచికకు ఏదైనా వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు మా మనస్సు ఈ విషయం మీదికే పోయింది. కారణం మా విద్యార్థులే.

భోజన విరామంలో వరండా స్తంభం ప్రక్కన నలుగురైదుగురు ఒకే సెల్‌ఫోను మీదికి వంగి, చెవులు రిక్కించి వింటూ ఉంటారు. ఏ సినిమా పాటో అనుకొని దగ్గరకు వెళితే అది ఒక ఇంజను శబ్దం! "ఇది ఎనిమిది సిలిండర్లది సార్. కొత్తగా వచ్చినదానిలో ఈ సౌండ్ లేదు, చంపేశారు" అని ఒక కుర్రవాడు మాతో నిజమైన దుఃఖంతో చెప్పాడు. ఆ కారును అతడు కంటితో చూచి ఉండడు. చూచినా కొనగలిగే స్థితి వారి ఇంట లేదు. మరి ఈ దుఃఖం ఎక్కడి నుంచి వచ్చింది?

కొందరు పెద్దలు దీనిని చూచి నవ్వుతారు. లేని కారుకు ఏడ్పేమిటంటారు. మేము ఆ నవ్వులో పాలు పంచుకోలేము. ఇంట వీణ లేకపోయినా రాగాన్ని ప్రేమించేవారు ఎందరు లేరు? ముషాయిరాలో కూర్చుండి "వాహ్ వా" అనేవారందరూ షాయర్లు కారు గదా! రసం అనుభవించటానికి సొత్తు అక్కరలేదు. కాబట్టి వీరిని మేము కారు రసికులనే పిలుస్తాము. ప్రపంచమంతటా ఇట్టివారు లక్షల సంఖ్యలో ఉన్నారు. వారి వాదాలలో ఒక వింత ఉన్నది. కొత్త కారు పాతదానికంటె వేగంగా పోతుంది, తక్కువ పెట్రోలు త్రాగుతుంది, తక్కువ పొగ వదులుతుంది, ప్రమాదం నుంచి ఎక్కువ కాపాడుతుంది. అయినా దానిని అందరికంటె ఎక్కువగా ప్రేమించవలసిన రసికులే పెదవి విరుస్తారు. వేగం పెరుగుతూ ఉంటే వేగాన్ని ప్రేమించేవారు దుఃఖించటమేమిటన్నదే మా ప్రశ్న.

దీనికి జవాబు వెదకాలంటే యంత్రం స్వభావం కొంత తెలియాలి. పెట్రోలు ఇంజను ఆగి ఉన్న స్థితి నుంచి బలం ఇవ్వలేదు. నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరిగే ఒక ఇరుకైన పరిధిలోనే దాని సత్తా బయటపడుతుంది. చక్రాలో, నిలిచిన స్థితి నుంచి మహావేగం వరకు అన్ని వేగాలలోనూ తిరుగవలసినవి. ఈ రెండింటికీ పొత్తు కుదర్చటానికే గేర్లు పుట్టినవి. ఏ క్షణాన ఏ గేరు వేయాలి, క్లచ్ ఎంత వదలాలి, మలుపుకు ముందు వేగం ఎంత తగ్గించాలి అన్నది డ్రైవరు చెవి, పాదం, చేయి కలిసి చేసే నిర్ణయం. మంచి డ్రైవరు మీటర్లు చూడడు, ఇంజను గొంతు వింటాడు. రసికులు ప్రేమించేది ఈ సంభాషణనే అని మా అభిప్రాయం.

అయితే ఈ సంభాషణలోని మాటలు మొదటి నుంచీ ఒక్కొక్కటిగా తగ్గుతూనే వచ్చినవి. 1912లో అమెరికాలో కాడిలాక్ సంస్థ విద్యుత్ స్టార్టరు అమర్చక మునుపు, ముందు భాగాన ఇనుప కడ్డీ దూర్చి చేత్తో త్రిప్పితేనే ఇంజను మేల్కొనేది. అది ఎదురు తన్ని చేతులు విరిగినవారు ఉన్నారు. ఫోర్డు మోడల్ టి కారులో నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో కూడ స్టీరింగు క్రింద ఉన్న మీటతో డ్రైవరే సరిచేసుకునేవాడు. 1928లో సింక్రోమెష్ వచ్చేవరకు గేరు పళ్ళు కరకరలాడకుండా వేయటమే ఒక విద్య. ఈ విద్యలన్నీ పోయినవి. నేడు వాటికోసం కంటతడి పెట్టేవారు బహు కొద్దిమంది. అంటే పోయిన ప్రతి నైపుణ్యానికీ మనిషి దుఃఖించడన్నమాట. కొన్నింటికే దుఃఖిస్తాడు. ఆ కొన్ని ఏవి?

దీనికి మంచి ఉదాహరణ జర్మనీ దేశపు పోర్షా సంస్థ వారి 911 కారు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 901 అన్న పేరుతో లోకానికి పరిచయమై, నడుమ సున్నా ఉన్న సంఖ్యలు తమవని పెజో సంస్థ అభ్యంతరం చెప్పగా 911గా మారిన ఈ కారు, ఆరు దశాబ్దాలుగా ఒకే ఆకారాన్ని, ఒకే అమరికను నిలబెట్టుకుంటూ వచ్చింది. దాని ఇంజను వెనుక ఇరుసుకు ఆవల, తోక భాగంలో ఉంటుంది. ఆరు సిలిండర్లు మూడేసి చొప్పున ఎదురెదురుగా పడుకొని ఉంటవి. తొలినాటి కారు శక్తి 130 మెట్రిక్ హార్స్‌పవర్. ఆ ఇంజనుకు నీళ్ళ రేడియేటరు లేదు. గాలితోనే చల్లబడేది.

1974లో దీనికి టర్బో వచ్చింది. ఇంజను వదిలే పొగ బలంతో ఒక చిన్న చక్రాన్ని త్రిప్పి, దాని ద్వారా మరింత గాలిని సిలిండర్లలోకి నెట్టే సాధనమే టర్బో. యాక్సిలరేటరు త్రొక్కగానే ఏమీ జరిగేది కాదు. కొంత ఆలస్యంగా, ఒక్కసారిగా వరదలాగ బలం వచ్చి పడేది. మలుపు మధ్య భయపడి కాలు తీస్తే తోక బరువుకు కారు వెనుక భాగం ముందుకు తిరిగివచ్చేది. భార్యలను వితంతువులను చేసే బండి అన్న అపకీర్తి దానికి ఊరక రాలేదు. నేటి రసికులు ఆ కారును దేవతలాగ కొలుస్తారు. కొలిచేవారు ఆ అపకీర్తిని కూడ గుర్తుంచుకుంటే బాగుంటుంది. చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ బ్రేకులు 1978లోను, కారు అదుపు తప్పుతున్నప్పుడు చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసి నిలబెట్టే ఈఎస్‌పీ 1995లోను మెర్సిడెస్ పెద్ద కార్లలో మొదలై, క్రమంగా సామాన్యుల కార్లకు దిగివచ్చినవి. వాటి వలన నిలిచిన ప్రాణాల ముందు ఏ రసికత నిలుస్తుంది?

1997లో 911కు గాలి చల్లదనం పోయి నీళ్ళ చల్లదనం వచ్చింది. ఒక్కొక్క సిలిండరుకు నాలుగేసి వాల్వులు పెట్టి ఎక్కువ శక్తి రాబట్టాలన్నా, పొగ, చప్పుడు నిబంధనలకు లోబడాలన్నా గాలి ఒక్కటే చాలని స్థితి ఏర్పడింది. రసికులలో పెద్ద కలకలం రేగింది. అసలైన 911 చచ్చిపోయిందన్నారు. గాలితో చల్లబడే పాత కార్ల ధరలు తరువాతి కాలంలో ఆకాశాన్నంటినవి. అయితే కాలక్రమాన ఆ నీళ్ళ ఇంజనులోనే కొత్త రసికులు తమ రాగాన్ని కనుగొన్నారు. నీళ్ళతో చల్లబడే 911 జీటీ3 ఇంజను తొమ్మిది వేల చుట్ల వద్ద చేసే గానాన్ని నేడు ప్రపంచంలోని ఉత్తమ శబ్దాలలో ఒకటిగా లెక్కిస్తారు. నీళ్ళ విషయంలో వచ్చిన దుఃఖం అలవాటు వలన వచ్చినదేనని కాలం తేల్చింది.

కాని 2013లో జరిగినది వేరు. ఆ ఏటి జీటీ3 కారుకు క్లచ్ పెడలు లేదు. రెండు క్లచ్చులు గల స్వయంచాలక గేరు పెట్టె మాత్రమే ఇచ్చారు. బేసి గేర్లకు ఒకటి, సరి గేర్లకు ఒకటి చొప్పున క్లచ్చులుండి, తరువాతి గేరు ముందే సిద్ధంగా ఉంటుంది కనుక మనిషి చేయి ఎన్నటికీ దానితో పోటీ పడలేదు. పందెపు గడియారం ప్రకారం అది మేలైన కారు. రసికులు మాత్రం ఒప్పుకోలేదు. 2016లో అదే సంస్థ చేతి గేరుతో 911 ఆర్ అనే కారును కేవలం 991 తయారుచేసింది. కొద్ది కాలానికే అది చేతులు మారే ధర అసలు ధరను ఎంతో మించిపోయింది. సంస్థ పాఠం నేర్చుకున్నది. 2017 జీటీ3లో చేతి గేరు మళ్ళీ వచ్చింది. నెమ్మదిగా గేరు మార్చే కారుకోసం వేగప్రియులు పోట్లాడి గెలిచారు! గడియారం కొలిచేది ఒకటి, మనిషి కోరేది మరొకటి అనటానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. 2024 నాటికి అదే 911లో విద్యుత్ సహాయం గల ఇంజను, 541 మెట్రిక్ హార్స్‌పవర్ శక్తితో వచ్చింది. ఆ వాదం మరల మొదలైంది.

మా విద్యార్థి కంటతడి పెట్టిన కారు సంగతి కూడ ఇదే కోవకు చెందినది. మెర్సిడెస్ వారి సి63 కారులో మొన్నటిదాకా నాలుగు లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజను 510 హార్స్‌పవర్ ఇచ్చేది. 2022లో దాని స్థానంలో రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల చిన్న ఇంజనుకు విద్యుత్ మోటారు జోడించి 680 హార్స్‌పవర్ రాబట్టారు. అంకెలలో ఇది ఘనవిజయం. కాని బ్యాటరీ, మోటారు కలిసి కారు బరువును మూడు వందల కిలోలకు పైగా పెంచినవి. ఉరుము పోయి గురక మిగిలింది. 170 హార్స్‌పవర్ అదనంగా ఇచ్చినా రసికుల ప్రేమ ఆ కారుకు దక్కలేదు.

తయారీదారులు కావాలని చేస్తున్న అపచారం కాదిది. యూరపు సమాఖ్య 2020 నాటికి కొత్త కార్ల సగటు కార్బన్ డయాక్సైడును కిలోమీటరుకు 95 గ్రాములకు దించాలని లక్ష్యం విధించింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 నిబంధనలు వచ్చినవి. పసిపిల్లల ఊపిరితిత్తులకు ఎనిమిది సిలిండర్ల గానంతో పని లేదు. ఈ నిబంధనలు ఉండవలసినవే అన్నది మా దృఢమైన అభిప్రాయం. అయినా, ఉండవలసిన మార్పు వలన కూడ పోయేది పోతుంది. పోయినదేమిటో పేరు పెట్టి చెప్పుకోవటం తప్పు కాదు.

ఈ విషయమై ఒకనాడు అధ్యాపకుల గదిలో పెద్ద చర్చే జరిగింది. భౌతికశాస్త్రం చెప్పే మిత్రులు, "మీ రసికులకు సామర్థ్యం అంటే ఏమిటో తెలియదండీ. తక్కువ ఇంధనంతో ఎక్కువ పని జరిగితే అదే అందం" అన్నారు. ఉర్దూ శాఖలోని పెద్దలు చిరునవ్వు నవ్వి, "జనాబ్, ఆ లెక్కన గజల్ ఎందుకు? చెప్పవలసిన సంగతి తంతిలో కూడ చెప్పవచ్చును. రదీఫ్, ఖాఫియాల కష్టం ఎవరు పడమన్నారు? ఆ కష్టంలోనే మజా ఉన్నది" అన్నారు. మాకు మన తెలుగు సాహిత్యంలోని తగవులు జ్ఞాపకం వచ్చినవి. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాష కోసం పోరాడినప్పుడు భాష చచ్చిపోతుందన్న పండితులున్నారు. భాష చావలేదు. యతిప్రాసలు విడిచి వచన కవిత వచ్చినప్పుడు కవిత్వం పోయిందన్నవారున్నారు. కవిత్వం పోలేదు. అయితే చేయి తిరిగిన కవి పద్యంలో యతిస్థానానికి సరిగ్గా మాటను దింపినప్పుడు కలిగే ఆ చిన్న పులకింత మాత్రం వచన కవితలో లేదు. దానికి వేరే పులకింతలున్నవి.

ఆ చర్చ వలన మాకొక సంగతి స్పష్టమైంది. కష్టం రెండు విధాలు. ఒకటి అడ్డంకిగా నిలిచే కష్టం. ఇనుప కడ్డీతో ఇంజను త్రిప్పటం అట్టిది. ఎంతకాలం చేసినా అది చేతిని నొప్పించటమే గాని మనిషిని పెంచదు. రెండవది అభ్యాసాన్ని కోరే కష్టం. చేతితో గేరు వేయటం అట్టిది. మొదటినాడు కారు ఎగిరెగిరి ఆగిపోతుంది. నెలకు నడుస్తుంది. ఏళ్ళు గడిచేసరికి ప్రక్కన కూర్చున్నవారికి గేరు మారినట్లే తెలియదు. మొదటి విధం కష్టం పోతే మనిషి మరచిపోతాడు. రెండవ విధం కష్టం పోతే దుఃఖిస్తాడు.

ఈ మాటను పరీక్షించే అవకాశం మన భాగ్యనగరమే ఇచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరాన ఫార్ములా ఈ పందెం జరిగింది. 2014లో బీజింగులో మొదలైన ఈ విద్యుత్ కార్ల పోటీ భారతదేశానికి రావటం అదే మొదలు. మేము కొందరు విద్యార్థులతో కలిసి వెళ్ళాము. నిత్యం బస్సులూ ఆటోలూ క్రిక్కిరిసే రోడ్డే రమారమి 2.8 కిలోమీటర్ల పందెపు బాటగా మారింది. ఒక్కొక్క కారు శక్తి 350 కిలోవాట్లు. భూమి అదురుతుందని ఎదురుచూచిన మా పిల్లలకు వినిపించినది సన్నని ఈల, టైర్ల కీచు శబ్దం, గాలి చీలిన చప్పుడు. "తుమ్మెద పోయినట్లుంది సార్" అన్నాడొకడు నిరాశగా. కాని పది చుట్లు తిరిగేసరికి అదే పిల్లవాడు కంచెను పట్టుకొని కదలటం మానుకున్నాడు. ఎందుచేతనంటే ఆ పందెంలో బ్యాటరీని ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ బ్రేకు ద్వారా విద్యుత్తును మరల కూడబెట్టాలి అన్నదే అసలు పోరాటం. ఫ్రాన్సు దేశస్థుడు ఝాన్ ఎరిక్ వెర్న్ వెనుక నుంచి తరుముతున్న వారిని కాచుకుంటూ, ఉన్న శక్తిని పొదుపుగా వాడుకుంటూ గెలిచాడు. చేతి నుంచి పోయిన విద్య బుద్ధిలోకి మారిందని ఆనాడు మేము గ్రహించాము. మరుసటి ఏట జరుగవలసిన పందెం రద్దయినది, అది వేరే సంగతి.

చరిత్ర తెలిసినవారికి విద్యుత్ కారు వేగం వింత కాదు. 1899లో గంటకు నూరు కిలోమీటర్ల వేగాన్ని మొట్టమొదట దాటిన కారు విద్యుత్ కారే. బెల్జియం దేశస్థుడు కామిల్ జెనాట్జీ దానిని నడిపాడు. విద్యుత్ మోటారు నిలిచిన చోటు నుంచే పూర్తి బలం ఇవ్వగలదు. అందుచేత దానికి గేర్లతో అంతగా పని లేదు. కాగా 2023లో వచ్చిన హ్యుందాయ్ ఐయానిక్ 5 ఎన్ అనే విద్యుత్ కారును చూడండి. అందులో లేని ఎనిమిది గేర్లు ఉన్నట్లు నటించే ఏర్పాటు ఉన్నది. మీట నొక్కితే కారు కుదుపుతుంది. కల్పిత ఇంజను శబ్దం వినిపిస్తుంది. సమయానికి గేరు మార్చకపోతే బలం తగ్గించి మరీ శిక్షిస్తుంది! కొందరు దీనిని బొమ్మలాట అని ఎగతాళి చేశారు. నడిపి చూచిన రసికులలో చాలమంది ముచ్చటపడ్డారు. యంత్రం తనకు అక్కరలేని కష్టాన్ని మనిషికోసం తెచ్చిపెట్టుకోవటం వినోదమే గాని, అందులో మాకు కొంత విషాదం కూడ కనిపించింది. మనిషి తనకు పని కావాలని అడుగుతున్నాడు. యంత్రం అతనికి ఆటవస్తువు ఇచ్చి ఊరడిస్తున్నది.

ఇక ఈ కథకు మరొక ప్రక్క ఉన్నది. రసికుల వాదాలలో అది ఎన్నడూ వినిపించదు.

మా మేనమామగారు విజయవాడ ఆటోనగర్‌లో ముప్పది అయిదేండ్లుగా మెకానిక్ షెడ్డు నడుపుతున్నారు. అంబాసిడర్లు, ఫియట్లు, 1983లో పుట్టిన మారుతి 800లు ఆయన చేతి క్రింద వేల సంఖ్యలో నడిచినవి. కార్బొరేటరు స్క్రూను పావు చుట్టు త్రిప్పి, కళ్ళు మూసుకొని విని, మరల అరపావు వెనక్కు త్రిప్పేవారు. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి ఆనించి ఏ బేరింగు అరిగిందో చెప్పేవారు. సెలవులలో వెళ్ళినప్పుడు మేము ప్రక్కన నిలబడి పానాలు అందించేవారము. "బండి నీతో మాట్లాడుతుంది బేటా, నువ్వు వినాలంతే" అనేవారు. ఆయన చదివినది అయిదవ తరగతి.

2000 సంవత్సరం నాటి కాలుష్య నిబంధనలతో మన దేశపు కొత్త కార్ల నుంచి కార్బొరేటరు తప్పుకున్నది. పెట్రోలు ఎంత చిమ్మాలో సెన్సార్లు చూచి చిన్న కంప్యూటరు నిర్ణయించటం మొదలైంది. త్రిప్పవలసిన స్క్రూ లేదు. వినవలసిన తేడాను కంప్యూటరే సరిదిద్దుతుంది. షెడ్డుకు వచ్చే బండ్లు తగ్గినవి. కంపెనీ సర్వీసు కేంద్రాలలో నీలం చొక్కాల కుర్రవాళ్ళు స్కానరు తగిలించి కోడ్ చదివి భాగం మార్చివేస్తారు. ఆయన దగ్గర పని నేర్చిన నలుగురిలో ఇద్దరు ఆటో నడుపుకుంటున్నారు. ఒకరు గల్ఫుకు పోయారు.

ఇక్కడ మా మనస్సును కలచివేసే సంగతి ఒకటి ఉన్నది. చేతి గేరు కోసం లోకంలోని ధనిక రసికులు గొంతెత్తితే అది బ్రతికింది. ఇంగ్లండులో గార్డన్ మర్రే అనే ప్రఖ్యాత రూపకర్త 2020లో టీ.50 అనే కారును ప్రకటించాడు. పన్నెండు సిలిండర్లు, నిమిషానికి 12,100 చుట్లు, చేతి గేరు, టన్నులోపు బరువు. తయారయ్యేవి నూరు మాత్రమే. కోట్లు పోసి కొనేవారు సిద్ధంగా ఉన్నారు. చేనేత బట్ట గతి కూడ ఇట్టిదే గదా! ఒకనాడు అందరి ఒంటి మీద ఉన్నది నేడు కలవారి పెట్టెలో ముచ్చటగా మిగిలింది. డ్రైవరు సీటులో కూర్చున్నవాని చేతికి విలువ కట్టేవారున్నారు. బానెట్ క్రింద వంగినవాని చెవికి విలువ కట్టేవారేరీ? రెండూ ఒకే విద్యలోని రెండు భాగాలు. ఒకదానికి సంగ్రహాలయం దొరికింది, మరొకదానికి నిరుద్యోగం దొరికింది.

అయితే మామూ ఓడిపోయి కూర్చున్నవారు కారు. వారి రెండవ కుమారుడు ఐ.టి.ఐ. చదివి ఒక స్కానరు కొన్నాడు. మొన్న సెలవులలో వెళ్ళినప్పుడు ఒక కారు షెడ్డుకు వచ్చింది. స్కానరు పి0301 అన్నది. మొదటి సిలిండరులో మంట సరిగా పడటం లేదని దానర్థం. కుర్రవాడు వెంటనే కొత్త ప్లగ్గు తీయబోయాడు. మామూ వారించి, ఇంజను నడిపించి, చాలసేపు విన్నారు. "ప్లగ్గు కాదురా, వాల్వు దగ్గర గాలి పోతాంది. కంప్రెషను చూడు" అన్నారు. గేజి పెట్టి చూస్తే మొదటి సిలిండరులో ఒత్తిడి నిజంగానే తక్కువ. స్కానరు ఎక్కడో చెప్పింది, ఎందుకో చెప్పలేదు. ఎక్కడ అన్నది కోడు. ఎందుకు అన్నది విద్య. ఈ రెండూ ఒక షెడ్డులో, ఒక ఇంట కలిసి ఉండటం చూచి మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

విద్యార్థి మిత్రులకు మేము చెప్పదలచినది ఇంతే. ఎనిమిది సిలిండర్ల శబ్దం పోయినందుకు దుఃఖించండి. అది మంచి దుఃఖమే. కాని సెల్‌ఫోనులో వినటంతో ఆగిపోకండి. ఏ యంత్రం మీ ముందుకు వచ్చినా, అది మీ చేతిలో నుంచి ఏ కష్టాన్ని తీసుకుంటున్నదో చూడండి. కడ్డీ త్రిప్పే కష్టమైతే సంతోషంగా ఇచ్చివేయండి. గేరు వేసే కష్టమైతే, వినే కష్టమైతే, కొంచెం ఆలోచించండి. ఈ మధ్య మీలో కొందరు వ్యాసాలను కూడ కంప్యూటరు చేత వ్రాయించి మాకు తెచ్చి ఇస్తున్నారు. తప్పు లేకుండా ఉంటున్నవి. వాటిలో గేరు మార్చిన చేయి మాత్రం కనబడటం లేదు.

విద్యుత్ బండ్ల కాలం వస్తున్నది. రానివ్వండి. ఆ బండ్లలో ప్రాణాంతకమైన వోల్టేజి ఉంటుంది. దానిని భద్రంగా విప్పగల చేతులు కావాలి. వందలాది బ్యాటరీ సెల్లులలో బలహీనమైన దానిని గుర్తించగల బుద్ధి కావాలి. మోటారుకు గేర్లు లేకపోవచ్చును గాని బేరింగులున్నవి. అవీ అరుగుతవి, అరిగినప్పుడు అవీ మాట్లాడుతవి. మామూ షెడ్డుకు ఇటీవల ఒక విద్యుత్ స్కూటరు వచ్చిందట. కుమారుడు స్కానరు కోసం లోపలికి వెళ్ళి వచ్చేలోగా ఆయన స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించుకొని, మొనను మోటారుకు పెట్టి, కళ్ళు మూసుకొని వింటున్నారట.